వంటింటి మొక్కలు – హృదయారోగ్యం: ఒక పరిశీలన

గడచిన చలికాలంలో మా తరగతి విద్యార్థి ఒకడు వారం దినాలు కళాశాలకు రాలేదు. తిరిగి వచ్చిన నాడు కారణమడుగగా, తండ్రి గుండెనొప్పితో ఆసుపత్రిలో ఉన్నాడని చెప్పాడు. ఆ తండ్రి ముప్పయి ఏండ్లు బొగ్గుబావిలో తట్టా చెమ్మస్ పట్టి కోల్ ఫిల్లర్‌గా పనిచేసి విరమించిన మనిషి. రక్తపోటుకు మాత్రలు వాడుచుండేవాడు. బజారులో ఒకడు డబ్బాలోని పొడి ఒకటి చూపి, ఇది నాలుగు నెలలు సేవించితే రక్తనాళాలలోని మలినమంతా కడుగుకొని పోతుంది, ఇంగ్లీషు మందులతో ఇక పని లేదని నమ్మబలికాడు. ఈయన నమ్మి మాత్రలు మానివేశాడు. డబ్బా మీద వ్రాసి ఉన్న దినుసులు మూడు: మెంతులు, ఎండబెట్టిన వెల్లుల్లి, తెల్లమద్ది చెక్క.

"సార్, మెంతులు మంచియే గద. ఎల్లిగడ్డ మంచిదే గద. మరి మా బాపుకు ఎందుకిట్లయింది?" అని ఆ కుర్రవాడు మమ్మడిగాడు.

మేము తెలుగు చెప్పుకొనే వారము. ప్రబంధ కవుల వర్ణనలను గురించి అడిగితే ఏదో ఒకటి చెప్పగలిగేవారమే గాని, ఈ ప్రశ్నకు ఆనాడు మా వద్ద సమాధానం లేకపోయింది. తరువాత వృక్షశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖల మిత్రులను విసిగించి, ఉర్దూ శాఖ మిత్రులను సంప్రదించి, దొరికినంతవరకు చదివి తెలుసుకొన్నదానిని ఈ వ్యాసరూపంలో విద్యార్థుల ముందుంచుచున్నాము.

మొక్కకు కాళ్లు లేవు. పురుగు వచ్చినా, పశువు వచ్చినా, ఎండ మండినా ఉన్నచోటనే ఉండి ఎదుర్కొనవలసినదే. అందుచేత అది తన దేహంలోనే వేలకొలది రసాయనాలను తయారుచేసుకొంటుంది. చేదు, వగరు, ఘాటు, రంగు, వాసన అని మనం చెప్పుకొనేవి చాలావరకు ఇవే. మెంతుల చేదు, చాయాకు వగరు, మిరపకాయ మంట, పసుపు పచ్చదనం మనకొరకు పుట్టినవి కావు. మొక్క ఆత్మరక్షణకొరకు పుట్టినవి. వాటిలో కొన్ని మన దేహంలో ప్రవేశించి రక్తనాళాల మీద, గుండె మీద పనిచేస్తాయి. కొన్ని మేలు చేస్తాయి, కొన్ని ఏమీ చేయవు, కొన్ని చంపుతాయి. గన్నేరు సంగతి తెలియని తెలుగువాడు లేడు కదా! ఆ చెట్టులోని విషం గుండె లయనే దెబ్బతీస్తుంది. "మొక్క నుండి వచ్చినది గనుక హాని లేదు" అనే మాటకు ఈ ఒక్క చెట్టే చాలినంత జవాబు.

మన ఆహారంలో గుండెకు సంబంధించి శాస్త్రజ్ఞులు బాగుగా వివరించగలిగిన విషయం ఆకుకూరలది. ఆశ్చర్యమేమనగా, ఆ కథ మన గనుల ప్రాంతానికి మిక్కిలి దగ్గరిది. దానిని కొంచెం విస్తరించి చెప్పుతాము.

1847లో ఇటలీ దేశస్థుడైన సోబ్రెరో నైట్రోగ్లిజరిన్ అనే ద్రవాన్ని కనుగొన్నాడు. దానిని నాలుక మీద కొంచెం వేసుకొని చూడగా తల పగిలిపోయేటంత నొప్పి వచ్చినదట. స్వీడను దేశస్థుడు ఆల్ఫ్రెడ్ నోబెల్ దానినే అదుపులోకి తెచ్చి 1867లో డైనమైటుగా పేటెంటు పొందాడు. డైనమైటు కర్మాగారాల పనివారికి ఒక వింత జబ్బు ఉండేది. ఆదివారం సెలవు గడిపి సోమవారం పనిలోకి వస్తే తలనొప్పి పట్టుకొనేది. రెండు మూడు దినాలకు అలవాటై తగ్గిపోయేది. గుండెనొప్పి ఉన్నవారికి మాత్రం తారుమారుగా పనిదినాలలో హాయిగాను, సెలవు దినాలలో బాధగాను ఉండేది. గాలిలోని నైట్రోగ్లిజరిన్ వారి రక్తనాళాలను సడలించుటయే ఇందుకు కారణం. విలియం మురెల్ అనే వైద్యుడు 1879లో దీనిని గుండెనొప్పికి మందుగా ప్రకటించాడు. చివరి దశలో నోబెల్‌కే గుండెజబ్బు వచ్చి, వైద్యులు ఆయనకు నైట్రోగ్లిజరిన్‌నే వ్రాసియిచ్చారు. ఈనాడు గుండెనొప్పి వచ్చినప్పుడు నాలుక క్రింద పెట్టుకొనే మాత్ర ఆ కుటుంబానికి చెందినదే.

అది ఎట్లు పనిచేస్తుందో మాత్రం నూరు సంవత్సరాల వరకు ఎవరికీ తెలియలేదు. 1977లో ఫెరిద్ మురాద్, నైట్రోగ్లిజరిన్ దేహంలో నైట్రిక్ ఆక్సైడు అనే వాయువును విడుదల చేస్తుందని చూపాడు. రక్తనాళాల లోపలి పొర తనంతట తానే ఏదో ఒక సడలింపు పదార్థాన్ని విడుదల చేస్తుందని ఫర్చ్‌గాట్ 1980లో చెప్పాడు. అదియు ఈ వాయువేనని తరువాత తేలినది. ఈ ఇద్దరికి, ఇగ్నారోకు కలిపి 1998లో నోబెల్ బహుమానం లభించినది. డైనమైటు అమ్మిన ధనంతో పెట్టిన బహుమానం, డైనమైటు మందు గుండెను ఎట్లు కాపాడుతుందో చెప్పినవారికి చేరినదన్నమాట.

ఇక పాలకూర సంగతి. మన రామగుండంలో బొగ్గు ఆధారంగా యూరియా చేసిన కర్మాగారం 1980లో ఉత్పత్తి మొదలుపెట్టి 1999లో మూతపడినది. దాని స్థానంలో సహజవాయువుతో నడిచే క్రొత్త కర్మాగారం 2021 నుండి నడుచుచున్నది. అక్కడి యూరియా చేనిలో పడిన తరువాత నేలలోని సూక్ష్మజీవులు దానిని నైట్రేటుగా మార్చుతాయి. ఆకుకూరలు ఆ నైట్రేటును పీల్చి ఆకులలో దాచుకొంటాయి. పాలకూర, తోటకూర, ముల్లంగి, బీట్‌రూటు ఈ విషయంలో ముందుంటాయి. మనం తిన్న నైట్రేటు రక్తంలో కలిసి, అందులో కొంత భాగం లాలాజలం ద్వారా తిరిగి నోటిలోకి వస్తుంది. నాలుక వెనుక భాగంలో నివసించే సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగా మార్చుతాయి. అది మ్రింగిన తరువాత దేహంలో నైట్రిక్ ఆక్సైడు అవుతుంది. అనగా బాంబుమందు పోయిన చోటికే పాలకూర పప్పు కూడా పోతున్నది. కాకుంటే మెల్లగా, ఇంటి దారిన.

ఇది ఊహ కాదు. 2008లో లండను పరిశోధకులు ఆరోగ్యవంతులకు అర లీటరు బీట్‌రూటు రసం త్రాగించగా, కొన్ని గంటలలో రక్తపోటు సుమారు 10 పాయింట్లు దిగినది. అదే రసం త్రాగి లాలాజలాన్ని మ్రింగక ఉమ్మివేసిన వారిలో ఆ ఫలితం కనబడలేదు. తరువాత 2013లో, క్రిమిసంహారక మందుతో వారం దినాలు నోరు పుక్కిలించినవారిలో రక్తపోటు రెండు మూడు పాయింట్లు పెరిగినట్లు తేలినది. మన నాలుక మీది సూక్ష్మజీవులకు మన గుండెతో ఇంత సంబంధమున్నదని ఎవరనుకొన్నారు! అయితే అర లీటరు రసం ఒక్కపూట మేలు. దినదినం తినే ఆకుకూర మేలు వేరు. రెండవదానిలో పొటాషియం, పీచు, ఫోలిక్ ఆమ్లం కూడా ఉన్నవి. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1941లో అమెరికాలో పాలకూర నుండియే వేరుచేశారు. ఆకు అనే లాటిను మాట నుండియే దానికా పేరు వచ్చినది. దానిని 1945లో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

ఇక్కడి పల్లెల గంగవాయిలి కూరను గురించి ఒక్క మాట. గట్ల మీద దానంతట అది మొలిచే ఈ కూరలో, సాధారణంగా ఆకులలో అంతగా కనిపించని ఒమేగా-3 జాతి కొవ్వు చెప్పుకోదగినంత ఉన్నది. పట్టణంలో పుట్టిన మా విద్యార్థులలో సగం మంది దానిని గుర్తుపట్టలేరు.

మెంతుల విషయానికి వస్తాము. మా విద్యార్థి ప్రశ్నకు మూలం ఇదే గనుక దీనిని శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాము. 1918లో కూనూరులో చిన్న విచారణ కేంద్రంగా మొదలై, 1958లో హైదరాబాదుకు మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయిన సంస్థలో ఆర్.డి. శర్మ, టి.సి. రఘురాం మొదలగువారు మెంతుల మీద పరిశోధన చేశారు. 1990లో ప్రచురించిన వారి అధ్యయనంలో, ఇన్సులిన్ మీద ఆధారపడిన మధుమేహ రోగులకు పది దినాలు మెంతిపొడి కలిపిన ఆహారం పెట్టారు. వారి రక్తంలో చక్కెర తగ్గినది. మొత్తం కొలెస్టరాలు, చెడు కొలెస్టరాలు కూడా తగ్గినవి. మంచి కొలెస్టరాలు తగ్గలేదు. మెంతులలోని జిగురు పీచు ప్రేగులో ఉబ్బి పైత్యరసాన్ని పట్టి బయటకు తీసుకొనిపోతుంది. కాలేయం మరల పైత్యరసం తయారుచేయుటకు రక్తంలోని కొలెస్టరాలునే వాడుకోవలసి వస్తుంది. చేదునిచ్చే సపోనినులు కూడా ఈ పనిలో తోడ్పడతాయని భావిస్తున్నారు.

మరి మెంతులు మంచివే గదా! మంచివే. కాని ఆ రోగులకు పెట్టినది ఎంత? కొవ్వు తీసివేసిన మెంతిపొడి దినానికి 100 గ్రాములు. తరువాతి అధ్యయనాలలో 25 గ్రాములు వాడారు. మన తాలింపులో వేసే మెంతులు ఒక గ్రాము కూడా ఉండవు. ఒక చెంచాడు నిండుగా తీసుకొన్నా నాలుగైదు గ్రాములే. ఆ డబ్బాలోని పొడిని కుర్రవాని తండ్రి దినానికి రెండు చెంచాలు తినేవాడు. అందులో మెంతుల పాలు మూడవ వంతనుకొన్నా ఏపాటి అవుతుందో విద్యార్థులే లెక్కవేయగలరు. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. హైదరాబాదులోని ఆ పరిశోధకులు చూపినది చక్కెర, కొలెస్టరాలు తగ్గుట; ఆయన మానినది రక్తపోటు మాత్ర. ఒక తాళానికి చేసిన చెవి మరొక తాళానికి పట్టదు.

వెల్లుల్లిది చిత్రమైన స్వభావం. పొట్టు ఒలిచిన పాయకు వాసన అంతగా ఉండదు. నలిపినప్పుడే దానిలోని అల్లియిన్ అనే పదార్థం, వేరొక అరలో దాగి ఉన్న ఎంజైముతో కలిసి అల్లిసిన్‌గా మారి గుప్పున ఘాటు వస్తుంది. 1944లో కావలిటో, బెయిలీ అనువారు దీనిని వేరుచేశారు. వేడికి ఆ ఎంజైము నశిస్తుంది గనుక, దంచిన వెంటనే నూనెలో వేయక పది నిమిషాలు ఉంచి వేయుట మంచిది. మా యింట రోటిలో దంచి ప్రక్కన పెట్టి, ఆ తరువాత పొయ్యి వెలిగించే అలవాటు పూర్వం నుండి ఉన్నది. కారణం అడిగితే ఎవరూ చెప్పలేరు. అయితే ఫలితమెంత? 2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయం వారు 192 మందికి ఆరు నెలలు పచ్చి వెల్లుల్లి, వెల్లుల్లి మాత్రలు, ఉత్తుత్తి మాత్రలు పంచి ఇచ్చి పరీక్షించగా, చెడు కొలెస్టరాలులో ఏ తేడా లేకపోయినది. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారిలో కొద్దిపాటి తగ్గుదల ఉన్నట్లు వేరు పరీక్షలు చెప్పుచున్నవి. కొద్దిపాటి అనే మాటను డబ్బా అమ్మేవాడు ఎన్నడూ అచ్చువేయడు.

తెల్లమద్ది చెక్క మీద చిన్న చిన్న పరీక్షలు జరిగినవి గాని, మాత్రకు బదులు నిలువగల నిదర్శనం ఇంతవరకు లేదు. గుగ్గిలం కథ ఇంకా బోధకరమైనది. సుశ్రుత సంహితలోని వర్ణన ఆధారంగా 1966లో బనారసులో జి.వి. సత్యవతి చేసిన పరిశోధనతో దానికి గొప్ప పేరు వచ్చి, మందుగా కూడా వెలువడినది. 2003లో అమెరికాలో 103 మంది మీద ఎనిమిది వారాలు పరీక్షించగా, చెడు కొలెస్టరాలు తగ్గకపోగా కొంచెం పెరిగినది. పూర్వుల మాటను పరీక్షించుట వారిని అవమానించుట కాదని మా అభిప్రాయం.

ఉల్లిగడ్డ, చాయ ఒక జట్టు. రెండింటిలోను ఫ్లేవనాయిడులు ఉన్నవి. 1993లో హాలెండులోని జుట్‌ఫెన్ పట్టణంలో 805 మంది వృద్ధులను పరిశీలించగా, చాయ, ఉల్లి, ఆపిల్ ద్వారా ఇవి ఎక్కువగా తీసుకొన్నవారిలో గుండెజబ్బు మరణాలు తక్కువగా కనబడినవి. పచ్చి ఉల్లిగడ్డ వేసి పిసికిన మన పచ్చిపులుసు ఆ పట్టణస్థులకు తెలియదు పాపం. ఇక చాయలో పాలు కలిపితే ఆ మేలు పోతుందని 2007లో బెర్లినులో 16 మంది స్త్రీల మీద జరిగిన పరీక్షలో తేలినది. పాల వలన నష్టం లేదని చెప్పే పరీక్షలు కూడా ఉన్నవి. పాల సంగతి తేలేవరకు చక్కెర సంగతి తేల్చుకొనుట మేలు. షిఫ్టు దిగి హోటలులో ఐదారు కప్పుల ఇరానీ చాయ త్రాగేవారికి ఫ్లేవనాయిడుల కన్న చక్కెరే ఎక్కువ ముట్టుచున్నది.

పసుపును గురించి ఎక్కువ చెప్పము. అందులో కర్కుమిన్ నూటికి మూడు పాళ్లు మాత్రమే. అదియు రక్తంలోకి సరిగా చేరదు. మిరియాలలోని పైపెరిన్‌తో కలిపి ఇస్తే ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుందని 1998లో బెంగుళూరు పరిశోధకులు చూపారు.

నూనెల విషయంలో మాత్రం హైదరాబాదు సంస్థ పేరు మరల తలచవలసి ఉన్నది. తవుడు నూనెలో ఒరైజనాల్ అనే పదార్థం, మొక్కల స్టెరాలులు ఉన్నవి. అవి రూపంలో కొలెస్టరాలును పోలి ఉండి, ప్రేగులో దాని చోటును ఆక్రమించి లోపలికి పోనీయవు. ఇతర నూనె మాని తవుడు నూనె వాడినవారిలో కొలెస్టరాలు తగ్గినట్లు 1989 ప్రాంతంలో రఘురాం, సి. రుక్మిణి మొదలగువారు చూపారు. నువ్వులలోను, పల్లీలలోను ఇటువంటి స్టెరాలులున్నవి. సకినాలలో నువ్వులున్నవి గదా అని ఎవరైనా అడుగవచ్చును. వాటిని కాచిన నూనెను మరువరాదు.

ఇన్ని పదార్థాలుండగా వాటిని వేరుచేసి మాత్రలుగా మ్రింగరాదా? ఈ ప్రశ్నకు ప్రపంచం మూల్యం చెల్లించి జవాబు తెలుసుకొన్నది. క్యారెట్టులోని బీటా కెరోటిన్‌ను ఫిన్లండులో ఇరవైతొమ్మిది వేలమంది పొగత్రాగేవారితో పరీక్షించగా, 1994లో వెలువడిన ఫలితం అందరినీ దిగ్భ్రాంతుల్ని చేసినది. మాత్ర మ్రింగినవారిలో ఊపిరితిత్తుల కేన్సరు 18 శాతం పెరిగినది. విటమిన్ ఇ మాత్రలు గుండెకు మేలు చేయవని 2000 సంవత్సరంలో మరియొక పెద్ద పరీక్ష తేల్చినది. క్యారెట్టు తిన్నవారికి ఈ ప్రమాదమేదీ లేదు.

అట్లని మొక్క నుండి మందు పుట్టదని కాదు. 1931లో ఢిల్లీలోని తిబ్బియా కళాశాలలో సలీముజ్జమాన్ సిద్దీఖీ సర్పగంధ వేరు నుండి ఒక పదార్థాన్ని వేరుచేసి, తనను ఆ పనికి ఆహ్వానించిన హకీం అజ్మల్ ఖాన్ పేరిట దానికి అజ్మలీన్ అని నామకరణం చేశాడు. గుండె లయ లోపాలను గుర్తించే పరీక్షలో వైద్యులు ఈనాటికీ దానిని వాడుచున్నారు. ఆ వేరుతో రక్తపోటు తగ్గించవచ్చునని బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్ 1949లో బ్రిటిషు వైద్య పత్రికలో ప్రకటించగా ప్రపంచం చెవియొగ్గినది. 1952లో స్విట్జర్లాండులో దాని నుండి రిసర్పిన్ వేరయినది. యునానీ వైద్యంలో "ఇలాజ్ బిల్ గిజా" అని ఆహారంతో చేసే చికిత్స ఒకటి, "ఇలాజ్ బిద్దవా" అని మందుతో చేసేది మరొకటి, రెండు వేరువేరు పద్ధతులుగా చెప్పబడినవి. ఆ రెండింటి మధ్య గోడను కూల్చినది హకీములు కారు, డబ్బాల వ్యాపారులు.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పవలసి ఉన్నది. గుండె కవాటం మార్పించుకొని రక్తం గడ్డకట్టకుండ వార్ఫరిన్ వాడేవారు ఆకుకూరలు ఒకనాడు విపరీతంగా తిని మరొకనాడు మానరాదు. వాటిలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. దినదినం ఒకే తీరున తినుటయే వారికి పథ్యం. జలుబుకు వాడే జోషాందాలోని అతిమధురం అదే పనిగా సేవిస్తే రక్తపోటును పెంచుతుంది. పంపరపనస కొన్ని గుండె మందుల బలాన్ని ప్రమాదకరంగా పెంచగలదు. ఇక మన ప్రాంతానికి ప్రత్యేకమైనది ఒకటి. మీథేను వాయువు భయం చేత గని లోపలికి బీడీ, అగ్గిపెట్టె తీసుకొనిపోవుట నిషిద్ధం. అందుచేత ఎందరో పొగాకు, గుట్కా నములుటకు అలవాటుపడ్డారు. నికోటినూ మొక్క పుట్టించిన రసాయనమే. అది గుండె వేగాన్ని హెచ్చించి రక్తనాళాలను బిగిస్తుంది. ఇంట్లో తిన్న పాలకూర సడలించిన నాళాన్ని గని లోపల దవడలో పెట్టిన పొగాకు బిగించుచున్నది. టిఫినులోని తొక్కు ఉప్పు దానికి తోడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దినానికి 5 గ్రాములకు లోపు ఉప్పు, కనీసం 400 గ్రాముల కూరగాయలు, పండ్లు అని చెప్పుచున్నది. మన విస్తరిలో ఈ రెండు లెక్కలూ తలక్రిందులుగా ఉన్నవి.

ఈ సంగతులన్నీ చెప్పుటకు ఆ విద్యార్థి ఇంటికి వెళ్లాము. తండ్రి మంచం మీద కూర్చుండి ఉన్నాడు. మాత్రలు మరల మొదలైనవి. పొడి డబ్బా అరుగు మీద ఉప్పు డబ్బాగా మారి ఉన్నది. మేము చెప్పినదంతా విని ఆయన ఏమీ అనలేదు. తల్లి మాత్రం వంటింటి గడప వద్ద నిలుచుండి, "సారూ, పాలకూర ఉడకపెట్టిన నీళ్లు పారపోయాల్నా, ఉంచాల్నా?" అని అడిగినది. అంత సూటియైన ప్రశ్న మాకు ఏ సదస్సులోనూ ఎదురు కాలేదు. నైట్రేటు నీటిలోకి దిగుతుంది గనుక పారపోయవద్దని, పప్పులోనే వేసి ఉడికించమని చెప్పాము. లేచి వచ్చేటప్పుడు ఏదో తోచి, ఇంట్లో ఎవరికైనా మూత్రపిండాలలో రాళ్లున్నవా అని అడిగాము. పెద్ద కుమారునికి రెండుసార్లు వచ్చినవన్నది. అదే నీటిలోకి, రాళ్లకు కారణమయ్యే ఆక్సలేటు కూడా దిగుతుంది. అట్లయితే అతని పాలు కూర మాత్రం విడిగా ఉడికించి ఆ నీళ్లు వంచివేయమ్మా అని చెప్పి వచ్చాము.